వాస్కోలో ఆగిపోయిన డ్యూటీ

మా రైలు గదిలో ఒక నియమం ఉండేది. డ్యూటీ ఎక్కినవాడు డ్యూటీ దిగాలి. బండి ఎంత దూరం పోయినా తిరిగి గుంతకల్లు రావాలి, డ్రైవరు సంతకం పెట్టాలి, పెట్టె తీసుకుని గడప దాటి ఇంట్లోకి రావాలి. బల్ల మీద తిరిగే రైలుకు ఇంత పట్టింపు ఎందుకని చూడవచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. మొదట్లో నాకూ అది నాయన, ఆయన స్నేహితుల సరదాగానే తోచింది. తర్వాత తర్వాత, నాయన మాతో మిగలడం ఆ నియమం మీదే ఆధారపడింది.

నాయన గుంతకల్లు లోకో షెడ్డులో క్లీనరుగా చేరి, ఫైర్‌మన్ అయి, షంటర్ అయి, చివరికి డ్రైవరు అయ్యాడు. బొగ్గు ఇంజన్లు పోయాక చాలాకాలం డీజిలు నడిపాడు గానీ దాని గురించి ఇంట్లో మాట్లాడగా వినలేదు. నేను అమ్మానాయనలకు ఆలస్యంగా పుట్టినవాణ్ణి. నేను పుట్టేసరికి షెడ్డులో పొగ లేదు. ఆవిరి ఇంజను గురించి నాకు తెలిసిందంతా విన్నది, లేదా స్కేలు పెట్టి కొలిచింది. డిప్లొమాలో మెకానికల్ చదివి, గుంతకల్లులోనే చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాను. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక త్రీడీ ప్రింటర్. ఎక్కువగా బోరు మోటార్ల షాఫ్టులు, బుష్‌లు వస్తాయి. భూమిలో నీళ్ళు కిందికి పోయే కొద్దీ నాకు పని పెరుగుతుంది. చెప్పుకోవడానికి బాగుండదు గానీ అది నిజం.

రైలు గది నాయన రిటైరయ్యాక మొదలైంది. ఊరి చివర కట్టుకున్న ఇంట్లో ముందు గది ఖాళీగా ఉండేది. దానికి రెండు వాకిళ్ళు. ఒకటి పక్క సందులోకి, ఇంకొకటి లోపలి హాల్లోకి. గోడ వెంబడి బల్లలు వేసి, అన్నిటినీ అసలులో ఎనభై ఏడో వంతుకు తగ్గించి, పాత మీటరు గేజి లైను కట్టాం. పట్టాల మధ్య పన్నెండు మిల్లీమీటర్లు. గుంతకల్లు, బళ్ళారి, హోస్పేట. సిగ్నళ్ళు సైకిలు పుల్లలతో చేశాను. షెడ్డు ఉన్న చోట నేలలో ఇంకా బొగ్గు రజను దొరుకుతుంది. దాన్ని జల్లించి, ఇంజను వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరులో పోశాం. డ్రైవరు కూర్చునే చోట ఒక ఇత్తడి పిడి అమర్చాను. అది లాగితే కరెంటు పెరిగి బండి కదులుతుంది. నాయన దాన్ని పట్టుకున్నప్పుడు మణికట్టు తిప్పే తీరు చూసి రెండుసార్లు దాని బిగువు మార్చాను.

మొట్టమొదట చేసిన ఇంజను ఇంగ్లండులో తయారై ఓడలో వచ్చినది. నాయన క్లీనరుగా చేరేనాటికే అది ముసలిదై యార్డులో డబ్బాలు అటూ ఇటూ నెడుతుండేదట. దాని పక్కన ఇత్తడి పలక ఒకటి, దాని మీద తయారైన ఊరి పేరు, అంకె. నాయనకు అప్పటికి ఇంగ్లీషు చదవడం రాదు. కిరసనాయిల్లో ముంచిన దారప్పీచుతో రోజూ ఆ అక్షరాలు తుడిచి తుడిచి, అర్థం తెలియకుండానే వాటి ఆకారాలు నేర్చుకున్నాడు. నేను భూతద్దం కింద ఆ పలక చెక్కుతుంటే మూడో అక్షరం కాలు ఇంకొంచెం పొడుగని చెప్పాడు.

ఆదివారాలు ఇద్దరు వచ్చేవాళ్ళు. ఒకరు గార్డు మామ. గూడ్సు బండ్లకు గార్డుగా చేసి రిటైరైన మనిషి, నాయనకు ముప్పై ఏళ్ళ స్నేహితుడు. రెండోవారు ఫిట్టరు పెదనాయన. బాయిలరు పని చేసిన చేతులు, ఎడమ చెవి వినపడదు. బండి కదిలే ముందు ఆయన కళ్ళు మూసుకుని ప్రభువుకు ఒక మాట చెప్పుకునేవాడు. మిగతా ఇద్దరూ ఆ కాసేపు నోరు మూసుకునేవాళ్ళు. అంతకు ముందూ తర్వాతా ఆ గదిలో నోళ్ళు మూతపడేవి కావు.

"బళ్ళారిలో నీళ్ళ కాలమ్ ఎడంపక్క పెట్టినావేమప్పా?" అనేవాడు గార్డు మామ నాతో. "కుడిపక్క కదా ఉండేది?"

"నువ్వు తోకలో కూసోని పోయినోడివి. నీకు కుడేదో ఎడమేదో యాడ తెల్సు?" అనేవాడు నాయన.

"తోకలో ఉండేవానికే బండంతా కనపడేది. నీకు కనపడిందల్లా నీ ముందుండే పొగగొట్టం."

"ఆ పొగగొట్టం లాక్కపోతేనే నువ్వు యాడికన్నా పోయింది. లేకుంటే ఆ డబ్బాలోనే సంసారం పెట్టుకోని ఉంటాంటివి."

ఫిట్టరు పెదనాయన వినపడని చెవి వాళ్ళ వైపు తిప్పి పని చేసుకునేవాడు.

ఇంజన్లకు నీళ్ళు పట్టే ఆ కాలమ్ దగ్గర ఎవరూ చెప్పకుండానే నేను చేసిన బొమ్మలు కొన్ని ఉన్నాయి. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు. ఎండాకాలం చిన్న స్టేషన్లలో బండి ఆగితే ఊళ్ళ ఆడవాళ్ళు బిందెలతో ఇంజను దగ్గరికి వచ్చేవాళ్ళు. టెండరులో నీళ్ళు వాళ్ళకు పట్టి, తర్వాతి స్టేషను దాకా నీళ్ళు చాలవేమోనని భయపడుతూ నడిపేవాడట నాయన. "ఆవిరి కావల్సిన నీళ్ళు, సంగటి అయినాయి. యాడికి పోయినాయి, నష్టం లేదు" అనేవాడు.

సముద్రం మా బల్ల మీదికి రావడానికి కారణం ఇంగ్లండు ముసలివాళ్ళు. ఇలా చిన్న రైళ్ళు కట్టేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ళ ముచ్చట్లు నేను ఫోనులో చదివేవాణ్ణి. ఆ దేశపు పెద్దవాళ్ళు ఎప్పుడూ రెండే తలుచుకుంటారు. ఒకటి, చిన్నప్పుడు చూసిన ఆవిరి ఇంజన్లు. రెండు, వాటి వెనుక పెట్టెల్లో కూర్చుని వేసవి సెలవులకు సముద్రం దగ్గరికి పోవడం. వాళ్ళు కట్టే లైన్లు చాలా వరకు ఒక చిన్న సముద్రపు ఊళ్ళో ఆగిపోతాయి. నేను మా ముసలి ఇంజను ఫోటో పెడితే ఒకాయన, ఇలాంటిదాన్నే తన తాత బిగించి ఓడకెక్కించి ఉంటాడని రాశాడు. నేను తెలుగులో చెప్పగానే నాయన పొంగిపోయాడు.

"వాళ్ళ తాత పుట్టించినాడు, నేను సాకినా" అన్నాడు.

"వాళ్ళూ సముద్రానికే పోతాండ్రంటనా?" అన్నాడు గార్డు మామ. "అయితే మనదీ సముద్రం దాకా పోవల్ల. హోస్పేటలో ఆపితే ఏం మర్యాద?"

సముద్రమంటే మావాళ్ళకు వాస్కోనే. ఆ రోజుల్లో గుంతకల్లు నుంచి అదే మీటరు గేజి మీద, హుబ్లీ దాటి, కనుమలు దిగి, నేరుగా సముద్రం దాకా పోవచ్చు. రైల్వేవాళ్ళకు ఫ్యామిలీ పాసు ఉంటుంది. పెళ్ళయిన ఏడాది నాయన అమ్మను ఆ పాసు మీద తీసుకుపోయాడు. అమ్మది ఉరవకొండ పక్క పల్లె. వాళ్ళ నాన్న తవ్విన బావులన్నీ ఎండిపోయిన కాలం. సముద్రం చూసి ఆమె మురిసిపోలేదు, కోపం తెచ్చుకుంది. ఇన్ని నీళ్ళు పెట్టి, అన్నిట్లో ఉప్పు పోస్తాడా దేవుడు అని అక్కడే తిట్టిందట. నాయన ఆ మాట ప్రతిసారీ ఆమె గొంతుతోనే చెప్పేవాడు. ఆమె లోపలి నుంచి, "ఇప్పుడూ అదే అంటా" అనేది. తిరిగి వచ్చేటప్పుడు నాయన ఒక సీసాలో సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చాడు. అప్పట్లో వాళ్ళుండిన రైల్వే క్వార్టర్సులో ఆడవాళ్ళంతా వేలు ముంచి నాలుకకు రాసుకుని చూశారు.

తర్వాత కూడా మూడు నాలుగుసార్లు పోయారు. ఎప్పుడూ పాసు మీదే, ఎప్పుడూ ఆమెతోనే. డ్యూటీ మీద నాయన వాస్కో పోలేదు. గుంతకల్లు డ్రైవర్లు హోస్పేటలో ఇంజను అప్పగించి దిగాలి. అక్కడి నుంచి వేరేవాళ్ళు తీసుకుపోతారు. దిగినవాళ్ళు అక్కడి రన్నింగ్ రూములో వండించుకుని తిని పడుకుంటారు. తిరుగు బండికి పిలుపు వచ్చినప్పుడు లేచి ఇంటికొస్తారు. ఇది ఇక్కడ చెప్పి పెట్టడం అవసరం.

నాయనకు మతిమరుపు పేర్లతో మొదలు కాలేదు. పిలుపుతో మొదలైంది. ఆయన సర్వీసులో ఉన్న రోజుల్లో ఫోన్లు లేవు. బండికి డ్రైవరు కావాలంటే కాల్ మ్యాన్ అనేవాడు పుస్తకం చంకన పెట్టుకుని క్వార్టర్సుకు వచ్చేవాడు. తలుపు తట్టి, బండి పేరు చెప్పి, సంతకం తీసుకుని పోయేవాడు. ఏ వేళకైనా రావచ్చు. ఒక మధ్యాహ్నం నాయన అన్నం ముందు నుంచి లేచి, అటక మీది ట్రంకు పెట్టె దించుకుని, "పిలుపొచ్చింది" అని బయలుదేరాడు. అమ్మ పెరట్లో ఉంది. యార్డు చివర పట్టాలు చూసుకునే కీమ్యాన్ ఒకడు చూసి వెంటబెట్టుకొచ్చాడు.

"ఏమప్పా, మీ నాయన పట్టాల నడుమ నడుస్తాండాడు" అన్నాడు నాతో. "ఎనక బండి హారను కొడితే పక్కకు జరిగి, చెయ్యెత్తి పోనిస్తాండాడు. 'నాది గాదులే, నువ్ పో' అంటాండాడు."

మేమిద్దరం నవ్వాం. మూడోసారి తీసుకొచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ లైను మీద ఇప్పుడు పోయే బండ్లు నాయన నడిపిన వేగంతో పోవు.

అనంతపురంలో చూపించాం. మందులు దీన్ని ఆపవు, కొంచెం నెమ్మది చేస్తాయి, గేటుకు తాళం వేసుకోండి అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అమ్మ ఒప్పుకోలేదు.

"తాళమేసేకి ఆయనేం గొడ్డా? యాడికి పోయినా ఇంటికొచ్చే మనిషి. ఏ యాళకన్నా, ఎంత మసి పూసుకోని అన్నా, వచ్చినాడు. ఇల్లు మర్సిపోకుండా సూడు. అదొక్కటే నేనడిగేది."

ఉపాయం చెప్పింది గార్డు మామ. "పిలిచేవాడు వస్తేనే కదా పోతాడు. ఆ పిలిచేవాడు మనోడే అయితే?"

మరునాటి నుంచి నేను కాల్ మ్యాన్‌ని. పొద్దున టిఫిను అయ్యాక ముందు తలుపు తట్టి, పరీక్షల అట్ట మీద కాగితం పెట్టుకుని నిలబడి, "డ్రైవర్ సాబ్, హోస్పేట ప్యాసింజరు" అనేవాణ్ణి. నాయన సంతకం పెట్టేవాడు. అమ్మ క్యారియరు చేతికిచ్చేది. నాయన ముందు వాకిట్లోంచి వెళ్ళి, పక్క సందు తిరిగి, బయటి వాకిలి గుండా రైలు గదిలోకి వచ్చేవాడు. బండి హోస్పేట పోయి, నాయన క్యారియరు విప్పి అక్కడే తిని, తిరిగి గుంతకల్లు వచ్చేది. సంతకం పెట్టి డ్యూటీ దిగేవాడు. లోపలి గడప దగ్గర అమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉండేది.

"వచ్చినావా?"

"వచ్చినా."

కాళ్ళు కడుక్కుని గడప దాటితే ఇల్లు. ఇక ఆ రోజుకు ఆయన ఇంటి మనిషి. టీవీ చూసేవాడు, బియ్యంలో రాళ్ళు ఏరేవాడు, ఉప్పెక్కువైందని అమ్మతో తగువు పెట్టుకునేవాడు. యార్డు వైపు కాలు పెట్టలేదు. అమ్మ ముఖం తేరుకుంది. నేను పని మీద ఊరికి పోవాల్సి వస్తే గార్డు మామ నా అట్ట పట్టుకుని తలుపు తట్టేవాడు. ఒక వేసవి, ఒక పొడి వానాకాలం అలా గడిచాయి.

మధ్యలో గార్డు మామకు గుండెకు స్టెంటు వేశారు. ఇంటికొచ్చాక ఆయన సముద్రం మాట మళ్ళీ ఎత్తాడు. "నేను పోయేలోగా వాస్కో సూపీండ్రప్పా" అన్నాడు. నాయనా సంబరపడ్డాడు. అయితే గదిలో చోటు లేదు. హోస్పేటతో గోడ అయిపోయింది. అవతల హాలు. గోడకు రంధ్రం చేసి పట్టాలు అవతలికి తీస్తే, ఆ గోడే కనుమల సొరంగం అవుతుందని ఫిట్టరు పెదనాయన అన్నాడు. ఆలోచన నాకు ఎంత నచ్చిందంటే ఆ సాయంత్రమే డ్రిల్లు తెచ్చాను. మూడంగుళాల వెడల్పు రంధ్రం, లోపలి అంచులకు నల్లరంగు. హాల్లో, అమ్మ మంచం పక్కన, కిటికీ కింద వాస్కో బల్ల వేశాం. పెన్న ఇసుక తెల్లది ఏరి జల్లించి తీరం చేశాను. సముద్రానికి రెసిన్ మూడు పొరలు పోశాను. పొర పొరకూ నీలం కొంచెం తగ్గించాను. ఆరాక అద్దంలా వచ్చింది.

అమ్మ దాని మీద వేలు పెట్టి చూసింది. "సముద్రం ఇంత నున్నగా నిలబడదు" అంది. "అది ఒగ నిమిషం ఊరికుండదు." దుమ్మంతా తన పడక మీద పడిందని కూడా అంది.

మొదటి బండి ఆదివారం. అమ్మ మిరపకాయ బజ్జీలు వేసింది. నేను తలుపు తట్టి, "వాస్కో ప్యాసింజరు" అన్నాను. నాయన సంతకం పెట్టి, పక్క సందు తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఫిట్టరు పెదనాయన ప్రార్థించాడు. గార్డు మామ తన పాత ఈల ఊది పచ్చజెండా ఊపాడు. ముసలి ఇంజను రెండు పెట్టెలతో బయలుదేరింది. హోస్పేటలో నాయన బండి ఆపి లేచి నిలబడ్డాడు.

"ఈడ ఇంజను అప్పజెప్పల్ల కదా?"

"ఈపొద్దు నువ్వే పోన్నా" అన్నాడు గార్డు మామ. "ఎవురుండారు అడ్డం?"

నాయన ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత నవ్వు ముఖంతో కూర్చుని పిడి లాగాడు. బండి గోడలోకి దూరింది. మేమంతా గడప దాటి హాల్లోకి పరుగెత్తాం. నాయనా పెట్టె పట్టుకుని మా వెనకే గడప దాటి వచ్చాడు. అమ్మ వంటింట్లో బాణలి దగ్గరుంది. గడప దగ్గర చెంబుతో ఎవరూ లేరు. బండి సొరంగంలోంచి బయటికొచ్చి, ఇసుక పక్కగా వంపు తిరిగి, సముద్రం ముందు ఆగింది. చప్పట్లు కొట్టాం. ఎయిర్ కూలరు గాలి తడిగా వీస్తోంది. నాయన కళ్ళు మూసుకుని ఆ గాలికి ముఖం పెట్టాడు.

తర్వాత బజ్జీలు, టీ, ముచ్చట్లు. గార్డు మామను వాళ్ళబ్బాయి వచ్చి మోటారుసైకిలు మీద తీసుకుపోయాడు. ఫిట్టరు పెదనాయన చర్చికి పోయాడు. నాకు వర్క్‌షాపు నుంచి ఫోను వచ్చింది. ఎవరో రైతు, బోరు మోటారు ఆగిపోయి చెట్లు ఎండిపోతున్నాయన్నాడు. నాయన కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. బండి సముద్రం ముందే ఉంది. తిరుగు ప్రయాణం ఎవరూ నడిపించలేదు.

నేను తిరిగి వచ్చేసరికి అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నాయన హాల్లో చాప మీద కూర్చుని రొట్టె తింటున్నాడు.

"బాగా సేసినావమ్మా" అంటున్నాడు ఆమెతో. "రన్నింగ్ రూముల్లో వంటకు మొగోళ్ళే ఉంటారు. ఈడ ఆడామెను పెట్టినారే. మంచిదే. రొట్టె అచ్చం మా ఇంట్లో మాదిరే ఉండాది."

ఎగతాళి అనుకుంది అమ్మ. "మీ ఇల్లు యాడుండాది?" అంది, నవ్వుతూనే.

"గుంతకల్లు. షెడ్డు ఎనకాల క్వార్టర్సు."

"ఇంట్లో ఎవురుండారు?"

"నా భార్య ఉండాది. తనను పిల్సుకోకుండా నేనొక్కడే సముద్రానికి వచ్చినానంటే తిడతాదమ్మా. ఎప్పుడూ ఇద్దరమే వచ్చింది." కిటికీ కింది బల్ల వైపు చూశాడు. "తిరుగు బండికి పిలుపు ఎప్పుడొస్తాది?"

అమ్మ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. దాన్ని తీసేయడం ఆమెకు వెంటనే చేతకాలేదు.

ఆయన బూట్లు తలకింద పెట్టుకుని, చొక్కా విప్పకుండా చాప మీద పడుకున్నాడు. రన్నింగ్ రూములో అలాగే పడుకుంటారు. మంచం చూపిస్తే, అది వంటామెదని ముట్టుకోలేదు.

మరునాడు నేను అట్ట తీసుకుని తలుపు తట్టాను. నాయన నన్ను తేరిపార చూశాడు. "నువ్వు గుంతకల్లు కాల్ మ్యాన్‌వి. ఈడికెందుకొచ్చినావు?" అని సంతకం పెట్టలేదు. గార్డు మామకు ఫోను చేశాం. ఆయన జెండా, ఈల తెచ్చుకుని వచ్చి, "లేయన్నా, మన బండి పెట్టినారు" అన్నాక కదిలాడు. డ్యూటీలో గార్డు మాట ఆయన ఎప్పుడూ కాదనలేదు. అయితే రెస్టు పూర్తయిందా లేదా అని రెండుసార్లు అడిగాడు. బండి వాస్కో నుంచి బయలుదేరి, గోడలో దూరి, ఇవతలికి వచ్చి, హోస్పేట, బళ్ళారి దాటి గుంతకల్లు చేరింది. నాయన గదిలో కూర్చుని సంతకం పెట్టాడు. తప్పు దిద్దుకున్నామనుకున్నాను.

లోపలి గడప దగ్గర అమ్మ చెంబుతో నిలబడి ఉంది.

"వచ్చినావా?"

నాయన గడప అవతలికి చూశాడు. ఆమె భుజం మీదుగా కిటికీ కింద సముద్రం కనపడుతోంది.

"అది వాస్కో కదమ్మా" అన్నాడు. "నేను ఇంటికి పోవల్ల." పెట్టె తీసుకుని బయటి వాకిలి గుండా సందులోకి నడిచాడు.

ఆయన ఎటు పోతాడో అమ్మకు వెంటనే అర్థమైంది. "నువ్వు ఎనకనే పో, పట్టుకోవద్దు" అని నాతో చెప్పి, వంటింట్లోంచి నీళ్ళ సీసా తీసుకుని గార్డు మామ స్కూటరు ఎక్కింది. స్టెంటు వేసుకున్న మనిషి ఆమెను ఎక్కించుకుని ఆ గుంతల దారిలో ఎలా పోయాడో నాకు తెలియదు.

పాత క్వార్టర్సు కూలిపోయి చాలా ఏళ్ళయింది. సర్కారు తుమ్మ పెరిగి, మధ్యలో పునాది రాళ్ళు, అక్కడక్కడ మోకాలెత్తు గోడలు ఉన్నాయి. నాయన తడుముకోకుండా నడిచాడు. వరుసలో చివరి నుంచి రెండో ఇల్లు. నేను పుట్టిందీ అక్కడేనట. వాకిలి ఉండాల్సిన చోట, రెండు రాళ్ళ మధ్య, అమ్మ నిలబడి ఉంది. కొంగుకు ముళ్ళు పట్టుకుని ఉన్నాయి.

"వచ్చినావా?" అంది.

నాయన ఆగి ఆమెను చూశాడు. ఆ చూపు ముందురోజు నుంచి మాకు కనపడనిది. "వచ్చినానే" అన్నాడు. "లేటైంది. బండి శానా దూరం పోయింది."

"కాళ్ళు కడుక్కోని రా."

సీసా నీళ్ళు ఆయన కాళ్ళ మీద పోసింది. ఆయన రాళ్ళ మధ్య నుంచి లోపలికి అడుగు పెట్టి, లేని గది మూలలో పెట్టె దించి, కూలిన గోడ మీద కూర్చున్నాడు. సముద్రానికి పోయిన మాట భయపడుతూ చెప్పాడు. ఆమె తిట్టింది, ఆయన చెప్పినట్టే. గార్డు మామ తుమ్మచెట్ల అవతలికి పోయి నిలబడ్డాడు.

పొద్దు వాలుతుంటే, ఇక పోదాం రా అంది అమ్మ.

"యాడికి? ఇల్లు ఇదే కదా."

ఆయన్ను అక్కడి నుంచి కదిలించడానికి ఒకటే దారి ఉంది. నేను వాకిలి దాకా వెళ్ళి, రాయి మీద తట్టి, "డ్రైవర్ సాబ్, వాస్కో ప్యాసింజరు" అన్నాను. నాయన నిట్టూర్చి లేచాడు. "ఇప్పుడే కదప్పా దిగింది" అన్నాడు. అమ్మకు జాగ్రత్తలు చెప్పి నాతో నడిచాడు. ఆమె ఆయన కంటపడకుండా వేరే దారిన రావాల్సి వచ్చింది. ఇల్లు చేరాక, కొత్తగా కలిసినట్టు, "ఏమ్మా, బాగుండావా?" అని పలకరించాడు.

ఆ సాయంత్రమే నేను వాస్కో బల్ల స్క్రూలు విప్పాను. రెసిన్ పలకను బయట వేశాను. రంధ్రానికి సిమెంటు పెట్టి, పైన సున్నం కొట్టాను. ఏ గుర్తూ మిగల్లేదు. నాయనకు హాలు మాత్రం వాస్కోగానే ఉండిపోయింది. ఫిట్టరు పెదనాయన వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూసి, "పని బాగా సేసినావు" అన్నాడు.

ఆ పైన రోజూ సాయంత్రం అమ్మ సీసాతో ముందు పోయేది. గార్డు మామ జెండాతో వచ్చి లేపితే, నేను నాయనకు రైలు గదిలో డ్యూటీ దింపి వెనక తీసుకుపోయేవాణ్ణి, పొద్దు వాలాక వాస్కో పిలుపుతో తిరిగి తెచ్చేవాణ్ణి. ఆ తుమ్మచెట్ల మధ్య కాసేపు ఆయనకు భార్య ఉండేది, ఆమెకు ఆయన ఉండేవాడు. ముళ్ళు గుచ్చుకోకుండా నేను దారి కొంచెం కొట్టాను. అమ్మ ఒకరోజు చీపురు తెచ్చి ఆ నేల ఊడ్చింది కూడా.

చలికాలం అయిపోతుండగా అక్కడికి జేసీబీ వచ్చింది. పునాది రాళ్ళు ఎత్తి లారీల్లో పోశారు. చుట్టూ ఇనుప కంచె వేశారు. ఆ సాయంత్రం నాయన కంచె దాకా వచ్చి, చదునైన నేల చూసి, వెనక్కి తిరిగాడు. తప్పు స్టేషనులో దిగినట్టు ఉన్నాడు. అమ్మ కంచె పక్కన సీసా పట్టుకుని నిలబడే ఉంది. ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళిపోయాడు, యార్డు వైపుకు. నేనూ గార్డు మామా చెరో రెక్క పట్టుకుని తీసుకురావాల్సి వచ్చింది. దారంతా కేకలు పెట్టాడు, మేము డ్యూటీలో ఉన్న మనిషిని పట్టుకున్నామని.

తాళం అమ్మే కొనుక్కొచ్చింది. నన్ను అడగలేదు. గేటుకు వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది.

రైలు గదిలో ఇప్పుడు బండి నడవడం లేదు. గార్డు మామ ఆదివారాలు వస్తాడు, హాల్లోనే కూర్చుని పోతాడు. నాయన చొక్కా గుండీలు పెట్టుకుని, పెట్టె పక్కన పెట్టుకుని చాప మీద ఉంటాడు. అమ్మ రొట్టెలు చేసి తెచ్చి పెడుతుంది. ఆయన మర్యాదగా రెండు చేతులా అందుకుంటాడు.

"పిలుపు ఎప్పుడొస్తాదమ్మా?" అని అడుగుతాడు. "ఇంటికాడ ఎదురు సూస్తాంటాది."

మొదట్లో అమ్మ ఆ మాటకు వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇప్పుడు వెళ్ళదు. చెంబు ఆయన ముందు పెట్టి, చాప మీదే కూర్చుంటుంది.

"వస్తాదిలేప్పా" అంటుంది. "నీ రెస్టు ఇంగా అయిపోలేదు. తిను."